విశాఖ ఉక్కపోతలో పెళ్లి కేకు మీద ఫాండెంట్ డిజైన్లు ఎలా చేయాలి

ఫాండెంట్ అంటే కేకు మీద తొడిగే మెత్తటి చక్కెర ముద్ద. ఎంత అందంగా ఉన్నా అది చివరికి చక్కెరే. చక్కెరకు తడిగాలి తగిలితే ఏమవుతుందో సముద్రం పక్కన కాపురం ఉన్నవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. వీడియోల్లో చూసే డిజైన్లు చాలావరకు పొడిగాలి ఉన్న ఊళ్లలో, చల్లటి వంటగదుల్లో చేసినవి. అవే కొలతలు తెచ్చి మే నెలలో ఎంవీపీ కాలనీలో చేస్తే పొద్దున అంటించిన పువ్వు సాయంత్రానికి తల వాల్చేస్తుంది. కాబట్టి ఏ డిజైన్ ఎన్ని రోజుల ముందు చేసి పెట్టుకోవచ్చు, ఏది చివరి పూట దాకా ఆపాలి, ఏది మన ఊళ్లో అసలు పెట్టుకోకూడదు అన్నది ముందు తేల్చుకోండి. ఆ తర్వాత మిగిలేది చేతిపనే.

ఇక్కడ చెప్పేవన్నీ రెండంతస్తుల గుండ్రటి కేకుకు సరిపడే లెక్కలు. కింద 8 అంగుళాలది, పైన 6 అంగుళాలది, ఒక్కొక్కటి 4 అంగుళాల ఎత్తు. ఇంట్లో ఓవెన్, ఒక ఏసీ గది, సాయానికి ఇంకో మనిషి ఉంటే చాలు.

పై అంతస్తు థర్మకోల్‌ది పెట్టుకోండి

రెండూ నిజమైన కేకులే కావాలన్న పట్టుదల వదిలేస్తే సగం టెన్షన్ తీరిపోతుంది. పై అంతస్తుకు థర్మకోల్ డమ్మీ తెచ్చుకుంటే దాని మీద పనంతా పెళ్లికి నాలుగైదు రోజుల ముందే నింపాదిగా చేసుకోవచ్చు. లోపల పాడయ్యే సరుకేమీ ఉండదు, ఫ్రిజ్‌తో పనిలేదు, బరువూ తక్కువే. కష్టమైన డిజైన్ అంతా దాని మీద పెట్టి, కింది కేకుకు ఒకే ఒక్క అంచు వేయండి. బంధువులు ఎక్కువమంది వస్తారంటే పంచడానికి ట్రేల్లో సాదా కేకు విడిగా చేసి, లోపలే కోసి ప్లేట్లలో పంపించండి. పెద్ద పెళ్లి కేకులకు బేకరీల వాళ్లు కూడా డమ్మీలు వాడతారు, ఇందులో మొహమాటపడాల్సిందేమీ లేదు.

కాకపోతే కత్తి ఏ అంతస్తు మీద పెట్టాలో ఫొటోగ్రాఫర్‌కూ, తోడిపెళ్లికూతురికీ ముందే చెప్పి ఉంచండి. చెప్పకపోతే అందరి ఫోన్లూ తిరిగి ఉండగా పెళ్లికొడుకు థర్మకోల్‌ను కోస్తాడు, ఆ కిర్రు శబ్దం వీడియోలో ఎప్పటికీ ఉండిపోతుంది.

డమ్మీ పై అంచు మరీ పదునుగా ఉంటే అక్కడే ఫాండెంట్ చిరుగుతుంది. సన్నటి గరుకు కాగితంతో చుట్టూ రుద్ది, కొంచెం గుండ్రం చేసి, రాలిన పొడిని తడిగుడ్డతో పూర్తిగా తుడవండి. తర్వాత వేలితో వనస్పతి పల్చగా పూస్తే ఫాండెంట్ పట్టుకుంటుంది.

ఏ డిజైన్?

నా మటుకు నాకు ఒక కేకుకు ఒక డిజైన్ చాలు. మామిడి పిందెలు, నెమళ్లు, గులాబీలు, లేసు అన్నీ ఒకే కేకు మీద ఎక్కిస్తే ఎగ్జిబిషన్ స్టాల్‌లా కనిపిస్తుంది. ఒకే పిందెను సరిసమానంగా చుట్టూ తిప్పితే చూసేవాళ్లకు ఎంతో కష్టపడ్డట్టు అనిపిస్తుంది, మీకు మాత్రం ఒక్క అచ్చుతో పని అయిపోతుంది.

అన్నిటికంటే తేలిక దారి పెళ్లికూతురి చీర అంచు. చర్చి పెళ్లికి కట్టే తెల్ల చీరైనా, రిసెప్షన్ పట్టుచీరైనా అంచులో మళ్లీ మళ్లీ వచ్చే బొమ్మ ఒకటి ఉంటుంది. దాన్ని నేరుగా, నీడ పడకుండా ఫొటో తీయండి. ఫోన్‌లో ఆ ఫొటోను మీకు కావలసిన సైజు వచ్చేదాకా, అంటే సుమారు అంగుళంన్నర వెడల్పు వచ్చేదాకా జూమ్ చేయండి. స్క్రీన్ మీద బటర్ పేపర్ పెట్టి మెత్తటి పెన్సిల్‌తో గీసుకోండి. గీసేటప్పుడే సన్న గీతలు, చిన్న చుక్కలు సగానికి సగం వదిలేయండి. జరీలో బాగున్నంత సన్నపని ఫాండెంట్‌లో నిలవదు; రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉన్నదేదైనా కోసేటప్పుడే తెగుతుంది.

చీర వద్దనుకుంటే ఏటికొప్పాక బొమ్మలు చూడండి. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరది. అంకుడు కర్రను లేత్ యంత్రం మీద తిప్పుతూ లక్కరంగులు అద్దుతారు కనుక ఆ బొమ్మల మీద డిజైన్ అంతా చుట్టూ తిరిగే పట్టీలుగానే ఉంటుంది. గుండ్రటి కేకుకు అంతకంటే సరిపోయే డిజైన్ దొరకదు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగులతో ఆ పనిని మళ్లీ నిలబెట్టిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. లేపాక్షి ఎంపోరియంలో ఒక చిన్న బొమ్మ కొని బల్ల మీద ఎదురుగా పెట్టుకుని ఆ పసుపు, ఎరుపు, ఆకుపచ్చ కలుపుకోండి. ఫోన్‌లో చూసి కలిపే రంగు ఎప్పుడూ ఒక పిసరు ఎక్కువే అవుతుంది.

ఫాండెంట్ కలపడం

మొదటిసారి చేస్తున్నవాళ్లు రెడీమేడ్ ఫాండెంట్ కొనుక్కుంటేనే మంచిది. 8 అంగుళాల కేకుకు ఒక కిలో, 6 అంగుళాల డమ్మీకి సుమారు 600 గ్రాములు, డిజైన్లకు ఇంకో అరకిలో పడుతుంది. బంధువుల్లో శాకాహారులు ఉంటే ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి తీసుకోండి. చాలా రకాల్లో పడే జెలటిన్ జంతువుల నుంచి వచ్చేదే.

ఇంట్లోనే కలుపుతామంటే కిలో ఐసింగ్ షుగర్‌కు లెక్క ఇది. 60 మిల్లీలీటర్ల చల్లటి నీళ్లలో 10 గ్రాముల జెలటిన్ చల్లి పది నిమిషాలు నాననివ్వండి. వేడినీళ్ల గిన్నె మీద పెట్టి కరిగించండి, కానీ మరగనివ్వొద్దు. అందులో 120 మిల్లీలీటర్ల లిక్విడ్ గ్లూకోజ్, రెండు పెద్ద చెంచాల వనస్పతి, ఒక పెద్ద చెంచా గ్లిజరిన్ వేసి కలిసిపోయాక దించండి. జల్లించిన ఐసింగ్ షుగర్ 800 గ్రాముల్లో ఇది పోసి గరిటెతో కలిపి, మిగతా 200 గ్రాములు పీట మీద చల్లుకుంటూ చేత్తో పిసకండి. చపాతీ ముద్ద కంటే కొంచెం గట్టిగా, చేతికి అంటకుండా వస్తే చాలు. పైన వనస్పతి రాసి, క్లింగ్ ర్యాప్‌లో చుట్టి, జిప్ కవర్లో పెట్టి రాత్రంతా వదిలేయండి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీయగానే దానికి చెమట పడుతుంది.

ఈ కొలతల్లో మన ఊరికి మార్చుకోవాల్సింది గ్లిజరిన్. అది గాలిలో తడిని పట్టి ఉంచుతుంది. పొడి ఊళ్లలో ఫాండెంట్ పగలకుండా కాపాడేది అదే, మన దగ్గర జిగురు పుట్టించేదీ అదే. జూన్ నుంచి అక్టోబరు దాకా సగం చెంచాకు తగ్గించేయండి. డిసెంబరు, జనవరిలో పూర్తిగా వేసుకోవచ్చు.

పంచదారను ఇంట్లో మిక్సీ పట్టి ఐసింగ్ షుగర్ చేసుకోవచ్చని చెబుతారు. కేకు లోపలికైతే సరే. ఫాండెంట్‌కు ఆ పలుకులు పనికిరావు, పల్చగా వత్తేటప్పుడు ప్రతి పలుకు దగ్గరా చిరుగుతుంది. పూర్ణా మార్కెట్ వైపు వెళితే ఐసింగ్ షుగర్, కార్న్‌ఫ్లోర్ కిలోల్లెక్కన తెచ్చుకోవచ్చు.

డిజైన్ల కోసం తీసిపెట్టిన అరకిలోకు రెండు చిన్న చెంచాల టైలోజ్ పౌడర్ కలపండి. కొన్ని దుకాణాల్లో సీఎంసీ అంటే గాని ఇవ్వరు. ఇది కలిపిన ముద్ద కొన్ని గంటల్లో బిగుసుకుంటుంది, ఎండాక గట్టిగా నిలబడుతుంది. ఇదే పొడిని పావు చెంచా తీసుకుని రెండు పెద్ద చెంచాల నీళ్లలో వేసి రాత్రంతా ఉంచితే పొద్దుటికి తినదగిన జిగురు తయారవుతుంది. అంటించడానికి నీళ్లు వాడొద్దు, ఈ జిగురే వాడండి.

రంగు ఎప్పుడూ జెల్‌దే కలపండి. నీళ్లలా ఉండే రంగు ముద్దను పాకం చేసేస్తుంది. టూత్‌పిక్ మొనతో కొంచెం కొంచెంగా అద్ది, పిసికి, ఒక రాత్రి ఆగండి. ఎరుపు, మెరూన్ లాంటివి తెల్లారేసరికి ఇంకా ముదురుతాయి. అప్పటికప్పుడు చూసి చాల్లేదని మళ్లీ అద్దితే రంగు ఎక్కువై చేదు కూడా వస్తుంది.

కాగితంతో చుట్టు లెక్క

ఈ మెట్టును చాలామంది వదిలేస్తారు, చివరి పిందెకు చోటు చాలక సగం కోసి అతికిస్తారు. మీరు అలా చేయకండి. ఫాండెంట్ తొడిగాక 8 అంగుళాల కేకు చుట్టుకొలత దాదాపు 26 అంగుళాలు వస్తుంది. దాదాపు అని ఎందుకంటే ఫాండెంట్ కింద పూసే గనాష్, అంటే చాక్లెట్, క్రీమ్ కలిపిన పూత, మందాన్ని బట్టి మారుతుంది. కాబట్టి కాగితం పట్టీని కేకుకు చుట్టి, కలిసిన చోట కత్తిరించండి. దాన్ని సగానికి, మళ్లీ సగానికి, ఇంకోసారి సగానికి మడిస్తే ఎనిమిది సమాన భాగాలు వస్తాయి. ఒక్కోటి మూడుంపావు అంగుళాలు. అంగుళంన్నర పిందె ఒకటి, అంగుళంముప్పావు ఖాళీ ఒకటి. స్కేలు, కాలిక్యులేటర్ ఏవీ అక్కర్లేదు. మడతల దగ్గర గుండుసూదితో ఫాండెంట్ మీద చిన్న గుర్తులు పెట్టి, ఆ సూదిని వెంటనే డబ్బాలో వేసేయండి. ఎన్ని సూదులు తీశారో, ఎన్ని తిరిగి డబ్బాలో పడ్డాయో లెక్క చూసుకోవడం మరవొద్దు.

మొదటి పద్ధతి: పొదగడం

పై డమ్మీకి నేను గట్టిగా సిఫారసు చేసేది ఇదే. రంగు బొమ్మ తెల్ల ఫాండెంట్ మీద కాకుండా అందులోనే కలిసిపోయి, నేసిన బట్టలా చదునుగా కనిపిస్తుంది. పైకి లేచిన ముక్కలేవీ ఉండవు కాబట్టి ఉక్కకు ఊడి పడే భయం కూడా లేదు.

ముందు రంగు ముద్దను ఒక మిల్లీమీటరు మందం వచ్చేలా బాగా పల్చగా వత్తండి. బటర్ పేపర్ అచ్చు పైన పెట్టి, సన్నటి బ్లేడు కత్తితో పిందెలు కోసుకోండి. కత్తిని లాగితే అంచు పీచులా లేస్తుంది. మొనను నిలువుగా దించి, ఎత్తి, పక్కన మళ్లీ దించుతూ వెళ్లాలి. కోసిన వాటిని ఒక ప్లేటులో పెట్టి పైన కవర్ కప్పండి.

ఇప్పుడు తెల్ల ఫాండెంట్‌ను నాలుగు మిల్లీమీటర్ల మందంలో, ఐదు అంగుళాల వెడల్పు, ఇరవై అంగుళాల పొడవున్న పట్టీగా వత్తండి. అప్పడాల కర్రకు రెండు వైపులా ఒకే మందం ఉన్న స్కేళ్లు పెట్టుకుంటే పట్టీ అంతా ఒకే మందంలో వస్తుంది. తెల్లది ఇంకా మెత్తగా ఉండగానే పిందెలను జిగురు లేకుండా వాటి చోట్లలో పరచండి. పైన బటర్ పేపర్ వేసి, ముందు అరచేత్తో ఒక్కో పిందెనూ అదమండి. తర్వాత కర్రను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి, అంతే బరువుతో నడపండి. ఒకే దిక్కులో నాలుగైదు సార్లు లాగారంటే పిందె కాస్తా దోసకాయలా సాగిపోతుంది. మందం మూడు మిల్లీమీటర్లకు దిగి, వేలితో తడిమితే ముక్క ఎక్కడ మొదలైందో తెలియకుండా ఉంటే పని కుదిరినట్టే. పేపర్ తీసి చూడండి. ఎర్ర అంచు దగ్గర తెల్లది కొంచెం ఉబ్బి, రెండూ అతుక్కుని ఒకే గీతగా కనిపించాలి. సందు కనిపిస్తే ఇంకోసారి అడ్డంగా మెల్లగా నడపండి.

ఈ పట్టీని మామూలుగా కప్పినట్టు పై నుంచి జారవిడిస్తే అంచుల దగ్గర బొమ్మలన్నీ వంకరపోతాయి. అందుకే ముందు డమ్మీ పైభాగానికి ఒక గుండ్రటి తెల్ల బిళ్ల అతికించి, తర్వాత ఈ పట్టీని ఎత్తు ప్రకారం నాలుగు అంగుళాలకు కోసి, లోపలి వైపు కార్న్‌ఫ్లోర్ చల్లకుండా కర్రకు వదులుగా చుట్టుకోండి. డమ్మీ వెనక వైపు నుంచి మొదలుపెట్టి, చుట్టిన దాన్ని విప్పుతూ అంటించుకుంటూ రండి. ఇదంతా ఇంకొకరు డమ్మీని తిప్పుతుంటే తేలిక. అతుకు వెనక్కి వస్తుంది, దాన్ని ఎవరూ చూడరు.

రెండో పద్ధతి: పట్టీలు, జంతికల గొట్టం

ఏటికొప్పాక డిజైన్‌కు కావలసింది పట్టీలు, తాళ్లే. క్లే ఎక్స్‌ట్రూడర్ కొనే ముందు మీ ఇంట్లో జంతికల గొట్టం చూడండి. రిబ్బన్ పకోడీ బిళ్లతో చదును పట్టీలు వస్తాయి, ఒంటి నక్షత్రం బిళ్లతో గీతలున్న తాడు వస్తుంది. కారం, నువ్వుల వాసన అంటుకుని ఉంటుంది కాబట్టి సబ్బుతో, వేడినీళ్లతో కడిగి, తుడిచి, పూర్తిగా ఆరబెట్టండి. డిజైన్ ముద్దలో చెంచాడు వనస్పతి అదనంగా పిసికి మెత్తబరచకపోతే చేతులు పడిపోతాయి, గొట్టం పిడి కూడా వంగొచ్చు. ఇత్తడి గొట్టమైతే మేలు. సన్న కారప్పూస బిళ్ల జోలికి మాత్రం పోకండి.

తాడు బయటికి వచ్చాక ఐదు నిమిషాలు ఆరనిచ్చి, కేకు మీద కుంచెతో జిగురు గీత సన్నగా గీసి, దాని మీద ఆనించండి. పసుపు పట్టీ వెడల్పుగా, పక్కన ఎరుపు సన్నగా, మధ్యలో ఆకుపచ్చ. లక్క మెరుపు కావాలని గ్లూకోజ్ నీళ్లు పూయొద్దు, మన తేమలో అది ఎప్పటికీ ఆరదు. చివర్లో వనస్పతి తాకించిన వేలితో పట్టీ మీద ఒకసారి రుద్దితే చాలినంత మెరుపు వస్తుంది.

కజ్జికాయల చెక్క ఉంటే దాని పళ్ల అంచుతో పల్చటి ఫాండెంట్‌ను కోసి, అర్ధచంద్రాల వరుస కూడా వేసుకోవచ్చు.

మూడో పద్ధతి: ముగ్గు

డమ్మీ పైభాగం మీద పూలో, బొమ్మలో పెట్టే ఆలోచన లేకపోతే అక్కడ చుక్కల ముగ్గు వేయండి. ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చేదాకా. మొత్తం 37 చుక్కలు. చుక్కకూ చుక్కకూ అర అంగుళం దూరం పెడితే మూడు అంగుళాల చిల్లర వెడల్పు వస్తుంది, 6 అంగుళాల బిళ్ల మీద చుట్టూ ఖాళీ మిగిలి హుందాగా ఉంటుంది. చుక్కలను ముందు కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్ని ఫాండెంట్ మీద పరిచి సూదితో గుచ్చి తీసేయండి.

గీతలకు రాయల్ ఐసింగ్ కావాలి. పావుకిలోకు కొంచెం తక్కువ ఐసింగ్ షుగర్, ఒకటిన్నర పెద్ద చెంచాల మెరింగ్ పౌడర్ (గుడ్డు తెల్లసొనతో చేసిన పొడి), మూడు పెద్ద చెంచాల లోపు నీళ్లు పోసి బీటర్‌తో ఏడెనిమిది నిమిషాలు కొట్టండి. బీటర్ పైకెత్తితే నిలిచిన మొన చివర కొంచెం వంగాలి. పచ్చి గుడ్డు తెల్లసొన ఈ వేడిలో గంటల తరబడి బయట ఉంచడం నాకు ఇష్టం లేదు, అందుకే పౌడర్ చెప్పాను. గుడ్డే వద్దనుకుంటే కాబూలీ శనగలు ఉడికించిన చిక్కటి నీళ్లతో కూడా ఇది కుదురుతుంది, ఆరడానికి ఎక్కువసేపు పడుతుంది అంతే.

రెండో నంబరు నాజిల్‌తో, మొనను ఫాండెంట్‌కు ఆనించకుండా ఒక అంగుళం పైనుంచి గీత వదలండి. ముగ్గు పెట్టే చేయి ఉన్నవాళ్లకు ఇది చెప్పాల్సిన పనిలేదు. పిండి వేళ్ల మధ్య నుంచి జారే తీరులోనే ఐసింగ్ కూడా జారాలి. చుక్క దగ్గరికి వచ్చాక నొక్కడం ఆపి, ఆ తర్వాత మొన దించాలి. ఇంకో మాట: ముగ్గు వేసే చోట వనస్పతి రాయొద్దు. జిడ్డు మీద రాయల్ ఐసింగ్ పట్టదు.

అచ్చులు, స్టెన్సిళ్లు, లేసు

సిలికాన్ అచ్చులు అందరికీ తెలిసినవే కనుక ఒక్క విషయం చెప్పి ఊరుకుంటాను. అచ్చు నుంచి ముక్క ఊడి రావాలంటే పది నిమిషాలు ఫ్రీజర్‌లో పెట్టమని ప్రతి వీడియోలోనూ చెబుతారు. మన దగ్గర అలా తీసిన ముక్క రెండు నిమిషాల్లో నీటి బిందువులు పట్టి నిగనిగలాడుతుంది, దాని మీద వేసిన బంగారు పొడి మరకలు కడుతుంది. దానికి బదులు టైలోజ్ ముద్దనే వాడండి. పాత నూలు గుడ్డలో కార్న్‌ఫ్లోర్ మూటకట్టి అచ్చులో రెండుసార్లు తట్టి, ముద్ద నొక్కి, పదినిమిషాలు బయటే ఉంచితే శుభ్రంగా ఊడి వస్తుంది.

ఈ ముక్కలను పెళ్లికి అయిదు రోజుల ముందు చేసి ఆరబెట్టండి. వానాకాలంలో బయట పెడితే ఎండవు. ఏసీ గదిలో డ్రై మోడ్‌లో పెట్టడం ఒక దారి. ఓవెన్ వేడి చేయకుండా లోపలి బల్బు మాత్రం వెలిగించి అందులో ఉంచడం ఇంకో దారి. ఎండాక అట్టపెట్టెలో టిష్యూ మీద పరిచి, దాన్ని గాలి చొరని డబ్బాలో పెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు విడిగా ఒక గిన్నెలో వేయండి. అవి తినేవి కావు, ముక్కలకు తగలకూడదు. పిల్లలున్న ఇల్లైతే ఇంకా జాగ్రత్త. ఎనిమిది కావాలంటే పన్నెండు చేసుకోండి.

స్టెన్సిల్ కావాలంటే కింది కేకుకు ఫాండెంట్ తొడిగి, ఒక రాత్రి గట్టిపడ్డాకే వేయాలి. స్టెన్సిల్‌ను వెడల్పాటి ఎలాస్టిక్‌తో చుట్టి బిగించి, రాయల్ ఐసింగ్‌ను ఒకే దెబ్బకు గీకి, నేరుగా మీ వైపు లాగి తీయండి.

షుగర్ లేసు సంగతంటారా, దాన్ని విశాఖలో ఏసీ హాలు తప్ప ఇంకెక్కడా పెట్టుకోకండి. బీచ్ రోడ్డు గాలికి గంటలో వేలాడుతుంది.

బంగారు పూత

బంగారు రంగు పొడి కొనేటప్పుడు డబ్బా మీద ‘నాన్ టాక్సిక్’ అని ఉంటే తినొచ్చని అనుకోవద్దు. అది కేవలం చూపుకు పెట్టే ముక్కలకు, ఆ తర్వాత తీసేసే వాటికి. తినేదానికైతే తినదగినదని స్పష్టంగా రాసి, పదార్థాల పట్టిక, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 14 అంకెల లైసెన్స్ నంబరు ఉండాలి. పొడిని నీళ్లతో కలిపితే ఫాండెంట్ జిగురెక్కుతుంది. త్వరగా ఆవిరయ్యే వోడ్కాతో కలపడం బేకర్ల అలవాటు. ఇంట్లో అది వద్దనుకుంటే మెత్తటి పొడి కుంచెతో అద్దండి, మెరుపు కాస్త తగ్గినా పట్టుచీర జరీ పక్కన అదే బాగుంటుంది.

కింది కేకు

పెళ్లికి రెండు రోజుల ముందు కేకు కాల్చి, ముందు రోజు పొద్దున్నే గనాష్ పూయండి. ఫాండెంట్ కింద విప్డ్ క్రీమ్ వద్దే వద్దు, దాని తడికి ఫాండెంట్ కరుగుతుంది. డార్క్ చాక్లెట్ అయితే రెండు వంతుల చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్, వైట్ అయితే మూడు వంతులకు ఒకటి. ఎండాకాలంలో, పైగా తక్కువ కొవ్వున్న ప్యాకెట్ క్రీమ్ వాడితే, చాక్లెట్ ఇంకొంచెం పెంచండి. గనాష్ ఏసీ గదిలో గట్టిపడ్డాక సాయంత్రం ఫాండెంట్ తొడగండి. 8 అంగుళాల వెడల్పు, రెండు వైపులా నాలుగేసి అంగుళాల ఎత్తు కలిపి 16, చేతి పట్టుకు ఇంకో రెండు. అంటే 18 అంగుళాల బిళ్ల. వత్తేటప్పుడు ఫ్యాన్ ఆపండి, లేకపోతే పైన పొర కట్టి ఏనుగు చర్మంలా ముడతలు తేలతాయి. తొడిగాక పై నుంచి కిందికి అరచేత్తో నిమురుతూ రండి. బుడగ కనిపిస్తే సూదిని ఏటవాలుగా గుచ్చి గాలి తీసేయండి.

పెళ్లి రోజు పొద్దున్నే అంచు అంటించాలి. కాగితం పట్టీ గుర్తుల ప్రకారం ముందు ఎదురుగా కనిపించే పిందె, దానికి నేరుగా వెనక ఉన్నది, తర్వాత కుడి, ఎడమ. ఒకే వైపు నుంచి వరుసగా వెళితే చివర్లో తేడా అంతా ఒక్కచోటే చేరుతుంది. ఎండిన పిందె చదునుగా ఉంటుంది, కేకు గోడేమో గుండ్రం. అందుకే ఆరబెట్టేటప్పుడే వాటిని ఇదే చుట్టుకొలత ఉన్న గిన్నెకో, డబ్బాకో ఆనించి ఉంచండి.

డమ్మీ తేలికే అయినా దాని మీద ఫాండెంట్ బరువుంది. కింది కేకులో కేకు ఎత్తుకు సరిగ్గా కోసిన నాలుగు లావు స్ట్రాలు దించి, డమ్మీని సన్నటి బోర్డు మీద ఉంచి వాటిపై కూర్చోబెట్టాలి. అయితే ఈ పని ఇంట్లో కాదు, హాల్లో.

హాలుకు చేర్చడం

రెండు అంతస్తులూ రెండు వేరు వేరు అట్టపెట్టెల్లో వెళ్లాలి. అట్ట కొంత తడి పీలుస్తుంది కూడా. కారు ఏసీ పది నిమిషాల ముందే వేసి, పెట్టెను ముందు సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట చదునుగా పెట్టండి. ఒళ్లో పెట్టుకుంటానని పిన్ని ఎంత మురిపెంగా అడిగినా ఇవ్వొద్దు. ఒంటి వేడికి కింద మెత్తబడుతుంది, బ్రేకుకు ఒరుగుతుంది. గాజువాక వైపు వెళ్లేవాళ్లు ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌కూ, రుషికొండ, భీమిలి వైపు వెళ్లేవాళ్లు రోడ్డు ఎత్తుపల్లాలకూ కలిపి అరగంట అదనంగా చూసుకోండి.

చేతిసంచిలో జిగురు, కుంచె, మిగిలిన నాలుగు పిందెలు, కొంచెం రాయల్ ఐసింగ్ నింపిన కోను, చిన్న కత్తి వెంట తీసుకెళ్లండి. హాల్లోకి వెళ్లగానే పెట్టె తెరవొద్దు. చల్లటి కేకుకు వేడిగాలి తగిలితే చెమట పడుతుంది కాబట్టి పెట్టె మూసే ఉంచి గది వేడికి రానివ్వండి. అయినా జిగట కనిపిస్తే చేత్తో తాకకండి, కార్న్‌ఫ్లోర్ చల్లకండి. ఏసీ గదిలో టేబుల్ ఫ్యాన్ దూరంగా పెట్టి వదిలేస్తే అదే ఆరుతుంది. బీచ్ పక్కన లాన్‌లో రిసెప్షన్ అయితే కేకును లోపలి గదిలోనే ఉంచి, కోసే సమయానికి బయటికి తెప్పించండి. ఫోకస్ లైటు నేరుగా దాని మీద పడకుండా చూసుకోండి.

కోసి పంచేటప్పుడు టైలోజ్ పిందెలు, పూలు ముందే ఊడదీసి పక్కన పెట్టమని క్యాటరింగ్ అబ్బాయిలకు చెప్పండి. అవి పళ్లకు గట్టి, లోపల టూత్‌పిక్ గుచ్చి ఉంటే పిల్లల నోటికి ప్రమాదం. ఇంట్లో మిగిలిన ముద్దకు వనస్పతి రాసి, చుట్టి, చీకటి అలమరలో పెట్టుకుంటే కొన్ని వారాలు నిలుస్తుంది. టైలోజ్ కలిపినదాన్ని మాత్రం దాచకండి, అది వారం తిరిగేసరికి రాయి అవుతుంది.